కొవ్వొత్తులకు ముదురు రంగు పట్టించడం ఎలా?

ఇంట్లో కొవ్వొత్తులు చేసేవారికి లేత రంగులతో పెద్దగా ఇబ్బంది రాదు. కరిగిన మైనంలో చిటికెడు రంగు వేసి కలిపితే లేత గులాబీయో గంధపు రంగో కంటికి ఇంపుగానే వస్తుంది. కాస్త ఎక్కువా తక్కువా అయినా ఎవరూ గుర్తుపట్టరు. తిప్పలన్నీ ముదురు రంగుల దగ్గర మొదలవుతాయి. గిన్నెలో నేరేడు పండులా నిగనిగలాడిన రంగు, అచ్చులోంచి తీసేసరికి పదిసార్లు ఉతికిన చీర రంగులోకి దిగిపోతుంది. నలుపు అనుకున్నది వంకాయ రంగులో తేలుతుంది. సరే, ఇంకొంచెం వేద్దామని ధారాళంగా రంగు పోస్తే కొవ్వొత్తి నల్లగానే వస్తుంది కాని, వెలిగించిన పావుగంటకే మంట గింజంత అయి ఆరిపోతుంది.

మొదట్లో నేనూ ఇదే దారిలో నడిచాను. ముదురు ఎరుపు కోసం పూజ గదిలోని కుంకుమ తెచ్చి కరిగిన మైనంలో నాలుగు చెంచాలు కలిపాను. కలుపుతున్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది. చల్లారాక చూస్తే కుంకుమంతా అచ్చు అడుగున అంగుళం మందాన పేరుకుని ఉంది, పైభాగం చిరు గులాబీ రంగులో ఉంది. తలకిందులుగా పోసిన అచ్చు కనుక ఆ ఎర్రటి అడుగే కొవ్వొత్తికి తల అయింది. దాన్ని వెలిగిస్తే వత్తి రెండు నిమిషాలు చిటపటలాడి, నల్లటి ముద్ద కట్టి ఆగిపోయింది. అప్పుడు తెలిసివచ్చిన సంగతి ఒకటే: ముదురుతనం రంగు ఎక్కువ వేయడం వల్ల రాదు. దాన్ని చూపించగల మైనం, అందులో పూర్తిగా కరిగే రంగు, ఆ రంగును లోపలికి లాగే మరో రంగు ఒక్క చుక్క, ఈ మూడూ కుదిరినప్పుడు వస్తుంది. అవి కుదిరినా ఇంకా చిక్కదనం కావాలనిపిస్తే, దాన్ని కొవ్వొత్తి నిండా నింపకుండా పైపొరగా తొడగాలి.

మైనం ఎంపిక

ముదురు రంగులకు పారఫిన్ మైనమే అన్నిటికంటే అనుకూలం. గట్టిపడ్డాక కూడా అది కొంతవరకు వెలుతురును లోపలికి రానిస్తుంది కనుక రంగుకు లోతు కనిపిస్తుంది. అస్సాంలోని డిగ్బోయ్, నుమాలిగఢ్ వంటి చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే పలకల మైనమే మన టోకు అంగళ్లలోనూ దొరుకుతుంది. కొనేటప్పుడు ‘ఫుల్లీ రిఫైన్డ్, 58–60’ అని అడగండి. ఆ అంకెలు అది కరిగే ఉష్ణోగ్రతను సెల్సియస్ డిగ్రీలలో చెబుతాయి. ‘సెమీ రిఫైన్డ్’ చవకే కాని, అందులో నూనె పాలు ఎక్కువ. ఆ నూనె చల్లారేటప్పుడు మచ్చలు మచ్చలుగా విడిపోతుంది. తెల్ల కొవ్వొత్తి మీద ఆ మచ్చలు కనిపించవు, నల్ల కొవ్వొత్తి మీద మాత్రం బూజు పట్టినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

సోయా మైనం పాలలా తెల్లగా గడ్డకడుతుంది. పాలలో ఎంత డికాక్షన్ పోసినా అది కాఫీ రంగు దగ్గరే ఆగుతుంది తప్ప డికాక్షన్ రంగుకు రాదు కదా, సోయాలో ముదురు రంగు పరిస్థితీ అంతే. పైగా నిల్వ ఉన్నకొద్దీ దాని మీద తెల్లటి స్ఫటికాల పొగమంచు లాంటిది కమ్ముతుంది. సోయానే వాడాలన్న పట్టుదల ఉంటే అందులో మూడో వంతు నుంచి సగం వరకు పారఫిన్ కలపండి. తేనె మైనానికి సొంతంగా పసుపు రంగు ఉంటుంది. ఎరుపు, గోధుమ, ముదురు ఆకుపచ్చ దానిలో అందంగా ఒదుగుతాయి. నీలం వేస్తే పచ్చబారుతుంది, ఊదా వేస్తే మట్టి రంగుకు తిరుగుతుంది.

కొవ్వు నుంచి తీసే స్టియరిక్ ఆమ్లం గురించి ఒక మాట. రంగు బాగా కరగడానికి, కొవ్వొత్తి గట్టిగా నిలవడానికి, అచ్చు నుంచి తేలికగా ఊడి రావడానికి చాలామంది దీన్ని 10 శాతం దాకా కలుపుతారు. అది మంచి అలవాటే. అయితే అది మైనాన్ని తెల్లగా, వెలుతురు దూరకుండా చేస్తుంది కనుక ముదురు రంగులకు 5 శాతం దాటనివ్వకండి. అంటే కిలో మైనానికి 50 గ్రాములు.

ఏ రంగు పనికివస్తుంది, ఏది రాదు

ఇక్కడ గుర్తుంచుకోవలసిన తేడా ఒక్కటే. కొన్ని రంగులు నీళ్లలో పంచదారలా మైనంలో పూర్తిగా కరిగిపోతాయి. వీటిని డై అంటారు. మరికొన్ని సున్నపు నీళ్లలో సున్నంలా రేణువులుగా తేలుతూ ఉంటాయి. వీటిని పిగ్మెంట్ అంటారు. వత్తి అంటే నూలు పోగుల మధ్య ఉండే సన్నని సందుల గుండా కరిగిన మైనాన్ని పైకి లాగే తోడు యంత్రం. కరిగిన రంగు మైనంతో పాటు పైకి పోయి కాలిపోతుంది. రేణువులు ఆ సందుల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. నా కుంకుమ కొవ్వొత్తి ఆరిపోవడానికి కారణం ఇదే. పసుపు, హోలీ రంగులు, ముగ్గుల రంగులు, పిల్లల మైనపు క్రేయాన్లు కూడా ఈ కోవకే చెందుతాయి.

మిఠాయిలకు వాడే రంగులు నీళ్లలో కరిగేవి. మైనంలో కలవక బొట్లు బొట్లుగా అడుగున కూర్చుంటాయి. బట్టల అద్దకపు రంగుల్లోనూ ఎక్కువ భాగం అటువంటివే. కాబట్టి అంగట్లో ‘కొవ్వొత్తి రంగు’ అనో ‘ఆయిల్ సాల్యుబుల్ డై’ అనో స్పష్టంగా అడిగి తీసుకోండి. ఇది ద్రవంగా, చిన్న బిళ్లలుగా, పొడిగా మూడు రూపాల్లో వస్తుంది. ద్రవం కలపడానికి సులువు, కాని ఘాటు తక్కువ. ముదురు రంగులకు పొడి రంగే అక్కరకు వస్తుంది. కాకపోతే దానితో రెండు చిక్కులున్నాయి. ఒకటి, దాని ఘాటు ఎంతటిదంటే గాలికి ఎగిరిన నలుసు తడి చెయ్యి తగిలితే గట్టు మీద బెత్తెడు మేర మరక పాకుతుంది. రెండు, తూచడం కష్టం. డబ్బా మూత తీసే ముందు ఫ్యాను ఆపండి, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోండి, గట్టు మీద పాత వార్తాపత్రికలు పరవండి.

ముందుగా రంగు బిళ్లలు చేసిపెట్టుకోండి

తూకం చిక్కు తీరడానికి తేలికైన ఉపాయం ఉంది. పొడిని ప్రతిసారీ నేరుగా మైనంలో వేయకుండా, ఒకేసారి చిక్కటి రంగు బిళ్లలు చేసి దాచుకోండి. 50 గ్రాముల పారఫిన్, 45 గ్రాముల స్టియరిక్ ఆమ్లం ఒక చిన్న స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ల పాత్రలో దించి కరిగించండి. 85 డిగ్రీలకు వచ్చాక 5 గ్రాముల పొడి రంగును చిటికెడు చిటికెడుగా చల్లుతూ పది నిమిషాలు ఆపకుండా కలపండి. ఆ తర్వాత గిన్నెను మంట మీద నుంచి దించి రెండు నిమిషాలు కదల్చకుండా ఉంచి, పై తేటను మరో పాత్రలోకి వంచండి. అడుగున ఇసుకలా ఏమైనా మిగిలితే అది కరగని రంగు, దాన్ని వదిలేయండి. తేటను బటర్ పేపరు పరిచిన పళ్లెంలో పలచగా పోసి, గోరువెచ్చగా ఉండగానే కత్తితో చతురస్రాలుగా గాట్లు పెట్టండి.

ఈ బిళ్లలో వందకు 5 పాళ్లు రంగు ఉంటుంది. అంటే 20 గ్రాముల బిళ్లలు వేస్తే 1 గ్రాము రంగు వేసినట్టు. వంటింటి త్రాసుతోనే పని జరిగిపోతుంది. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, ఈ నాలుగు బిళ్లలు మీ దగ్గర ఉంటే దాదాపు అన్ని ముదురు రంగులనూ సాధించవచ్చు. ఒక్కో డబ్బా మీద పేరు తప్పక రాయండి. గట్టిపడ్డ నీలం, నలుపు, ఊదా బిళ్లలు చూడటానికి ఒకే తీరుగా బొగ్గు ముక్కల్లా ఉంటాయి.

ఎంత వేయాలి

కిలో పారఫిన్‌కు 1 గ్రాము రంగుతో, అంటే 20 గ్రాముల బిళ్లలతో మొదలుపెట్టండి. చాలా ఎరుపులూ ఆకుపచ్చలూ ఇక్కడే నిండుగా వస్తాయి. మెరూన్, నెమలికంఠం, సీసా పచ్చ వంటివాటికి 2 గ్రాముల దాకా వెళ్లవలసి రావచ్చు. నలుపుకు మాత్రం 3 గ్రాములు. అక్కడితో చెయ్యి ఆపండి. ఆ మీదట వేసే ప్రతి చిటికెడూ కంటికి కనిపించదు, వత్తికి మాత్రం తెలుస్తుంది. ఒక్కో తయారీదారు రంగు ఘాటు ఒక్కో విధంగా ఉంటుంది కనుక ఇవి మొదలుపెట్టడానికి పనికివచ్చే అంకెలు మాత్రమే; మీ రంగుకు మీ లెక్కను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే మూడో విడతకు చేయి కుదురుతుంది.

అచ్చుకు ఎంత మైనం పడుతుందో తెలియకపోతే దాన్ని నీళ్లతో నింపి, ఆ నీళ్లను కొలవండి. 500 మిల్లీలీటర్ల నీళ్లు పట్టే అచ్చుకు గుంట పూడ్చే రెండో పోతతో కలిపి సుమారు 450 గ్రాముల మైనం కావాలి. ఆ తర్వాత అచ్చును చుక్క తడి లేకుండా తుడవండి.

కరిగించడం, కలపడం

మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకండి. నీళ్ల పాత్రలో గిన్నె పెట్టి కరిగిస్తే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటే ప్రమాదం ఉండదు. నేరుగా మంట మీద పెట్టి ఏమరితే అది పొగలు కక్కి అంటుకునే దాకా పోతుంది. పొరపాటున అంటుకున్నా నీళ్లు పోయకండి. పొయ్యి కట్టేసి గిన్నె మీద మూత బోర్లించండి.

మైనం కరిగి 80 నుంచి 85 డిగ్రీల మధ్యకు వచ్చాక బిళ్లలు వేసి, కనీసం ఐదు నిమిషాలు నెమ్మదిగా, గాలి బుడగలు రాకుండా కలపండి. ముదురు రంగులో అడుగు కనిపించదు కనుక కరిగిందో లేదో కంటితో తేల్చుకోలేరు. చెంచాను అడుగు దాకా ముంచి పైకి తీసి, వెనుక వైపు పేరుకున్న పొరను దీపం ఎదుట పట్టి చూడండి. నలుసులు నలుసులుగా చుక్కలు కనిపిస్తే మరో ఐదు నిమిషాలు కలపాలి. 70 డిగ్రీల దగ్గర కరగడానికి మొరాయించిన రంగు 85 దగ్గర ఇట్టే కరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఉష్ణమాపకం లేకుండా ముదురు రంగుల జోలికి వెళ్లవద్దని చెప్పేది ఇందుకే.

సువాసన నూనె వేయదలిస్తే రంగు కరిగాక వేయండి, 6 శాతం మించకుండా చూసుకోండి. కొన్ని నూనెలు రంగును కాస్త మార్చేస్తాయి కనుక, తర్వాత చెప్పబోయే పరీక్షను నూనె కలిపాకే చేయాలి. వెనీలా వాసనలు మైనాన్ని గోధుమ రంగుకు తిప్పుతాయి. నలుపు, కాఫీ రంగుల్లో అది కలిసిపోతుంది, నీలంలో కలవదు.

రంగు పరీక్ష

కరిగిన మైనం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, గడ్డకట్టాక మసకబారుతుంది. కాబట్టి గిన్నెలో కనిపించే రంగు ఎప్పుడూ అసలు రంగుకంటే ముదురుగానే ఉంటుంది. తెల్ల పళ్లెం మీద ఒక చుక్క వేసి చూడమని అందరూ చెబుతారు. లేత రంగులకు అది సరిపోతుంది. ముదురు రంగులకు చుక్క చాలదు, ఎందుకంటే పలచటి చుక్క వెనుక పళ్లెం తెలుపు కనిపిస్తూ ఉంటుంది. నేను సోడా సీసా మూతలు నాలుగైదు దాచిపెట్టుకుంటాను. మూత నిండా మైనం పోసి, ఫ్రిజ్ పైఅరలో పది నిమిషాలు ఉంచి, వెనక్కి వంచి బిళ్లను బయటికి తీసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూస్తాను. ట్యూబులైటు కింద చూసి తేల్చుకున్న రంగు మరుసటి ఉదయం వేరుగా కనిపిస్తుంది.

అదే బిళ్లను చీకటి గదిలో వెలిగించిన కొవ్వొత్తి పక్కన కూడా ఒకసారి పెట్టి చూడండి. కొవ్వొత్తి వెలుగులో పసుపు, ఎరుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. అందువల్ల పగలు ఎంతో అందంగా ఉన్న నెమలికంఠం రాత్రి పూట ఉత్త నలుపులా కనిపిస్తుంది; మెరూన్ మాత్రం రాత్రే ఎక్కువ రాణిస్తుంది. రాత్రి భోజనాల బల్ల కోసం చేసే నీలాన్ని కావాలనే ఒక మెట్టు లేతగా ఉంచడం మంచిది.

రంగును లోతుకు దించడం

ఎరుపును ముదురు చేయాలంటే ఇంకా ఎరుపు వేయాలని మనసు చెబుతుంది. అలా వేస్తే ఒక హద్దు దాటాక మిరపపండు రంగు మరింత చిక్కటి మిరపపండు రంగు అవుతుందే కాని మెరూన్ కాదు. దానికి ఎదురు రంగు కావాలి. ఎరుపుకు ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకు ఊదా ఎదురు రంగులు. ఎదురు రంగు ఒక్క పిసరు వేస్తే అసలు రంగు మెరుపు తగ్గి లోతు పెరుగుతుంది.

తొమ్మిది పాళ్లు ఎరుపుకు ఒక పాలు నలుపు వేస్తే మెరూన్ వస్తుంది. నలుపుకు బదులు ఆకుపచ్చ వేస్తే ఇంకా వెచ్చటి మెరూన్ వస్తుంది. నెమలికంఠానికి నీలంలో పదో వంతు నలుపు, ఆపైన ఆకుపచ్చ కొద్దిగా. ముదురు నీలం మాత్రమే కావాలంటే ఆకుపచ్చ వద్దు. ఒక పిసరు ఎరుపు వేస్తే నీలం పచ్చబారకుండా నిలబడుతుంది. సీసా పచ్చకు ఆకుపచ్చలో కాస్త నీలం, అంతకంటే తక్కువ ఎరుపు. నేరేడు రంగుకు ఎరుపు, నీలం సమంగా కలిపి, నీలాన్ని ఒక పాలు పెంచి, చివర్లో నలుపు తాకించాలి. కాఫీ గింజ రంగుకు ఎరుపు, పసుపు కలిపి నారింజ చేసుకుని, అది గోధుమ రంగుకు తిరిగేదాకా నీలం కొంచెం కొంచెంగా వేయండి.

నలుపుకు ప్రత్యేకంగా చెప్పాలి. అంగట్లో దొరికే నలుపు మైనంలో పలచబడితే చాలాసార్లు అసలు నైజం బయటపెడుతుంది: ఒకటి ఊదాగా, ఒకటి పచ్చగా, మరొకటి తుప్పు రంగుగా. కొన్న వెంటనే దాని గుట్టు తెలుసుకోవడానికి, ఒక చిన్న బిళ్లను కొద్దిపాటి తెల్ల మైనంలో కరిగించి, టిష్యూ కాగితం కొసను అందులో ముంచి తీయండి. కాగితం మీద పాకిన అంచు ఊదాగా ఉంటే మీ నలుపుకు పసుపు లోటు ఉంది. పచ్చగా ఉంటే ఎరుపు లోటు. తుప్పు రంగుగా ఉంటే నీలం లోటు. నలుపు బరువులో పదో వంతు మించకుండా ఆ రంగును కలిపి మళ్లీ ముంచి చూడండి. అంచు బూడిద రంగుకు వచ్చిందంటే నలుపు కుదిరినట్టే. రంగు మొత్తం పెంచకుండానే వంకాయ నలుపు కాటుక నలుపుగా మారడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

పక్కన ఏముందన్నది కూడా నలుపును మారుస్తుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్ తివాచీ కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నీలం, ఊదా బట్టల మడతల్లో నీడల కోసం నేసిన నలుపు వెలవెలబోతోందని అక్కడ ఫిర్యాదు వచ్చింది. ఆయన పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలమే నలుపును వెలవెలబోయేటట్టు చూపిస్తోంది. రంగుల పొరుగు ప్రభావాన్ని గురించి ఆయన 1839లో ప్రచురించిన సిద్ధాంతానికి ఆ ఫిర్యాదే మూలం. మనం కిలోకు 50 గ్రాములు వేసుకుంటున్న స్టియరిక్ ఆమ్లాన్ని కొవ్వు నుంచి వేరుచేసి, 1825లో మరో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే లుసాక్‌తో కలిసి కొవ్వొత్తులకు వాడే హక్కు పత్రం తీసుకున్నదీ ఈయనే. మీ నల్ల కొవ్వొత్తులను నీలం గుడ్డ మీద అమర్చి, రంగు సరిగా రాలేదని మళ్లీ కరిగించే ముందు ఒకసారి తెల్ల గుడ్డ మీద పెట్టి చూడండి.

పోయడం

ముదురు రంగు ప్రతి లోపాన్నీ ఎత్తి చూపిస్తుంది. చల్లటి అచ్చులో పోస్తే గోడల వెంట అడ్డగీతలు పడతాయి; డిసెంబరు ఉదయాల్లో ఆదిలాబాద్ చలిలో చేసేవారు అచ్చును వేడి గాలితోనో ఎండలోనో గోరువెచ్చగా చేసుకోవాలి. లోహపు అచ్చులో 80 నుంచి 85 డిగ్రీల దగ్గర, గాజు గ్లాసులో 70 నుంచి 75 డిగ్రీల దగ్గర, ఒకే ధారగా ఆపకుండా పోయండి. పోశాక సీలింగ్ ఫ్యాను వేయకండి; పైనుంచి గాలి తగిలితే ఒక పక్క ముందుగా గట్టిపడి మచ్చలు తేలతాయి.

చల్లారేకొద్దీ మైనం కుంచించుకుపోయి వత్తి చుట్టూ గుంట పడుతుంది. ముప్పావు గంట తర్వాత వత్తి పక్కన సన్నని పుల్లతో రెండు మూడు రంధ్రాలు చేసి, పూర్తిగా గట్టిపడ్డాక రెండో పోత పోయాలి. ఆ రెండో పోత కోసం మొదటి కలయికలోంచే ఏడో వంతు పక్కన పెట్టుకోండి. ముదురు రంగును మళ్లీ అచ్చుగుద్దినట్టు కలపడం ఎవరి తరమూ కాదు. రెండో పోతను మొదటి పోత కంటే 5 డిగ్రీలు ఎక్కువ వేడితో, మొదటి మట్టం దాటకుండా పోయండి.

వత్తి

పూర్తిగా ముదురు రంగులో చేసే కొవ్వొత్తికి, అదే కొలత తెల్ల కొవ్వొత్తికి వాడే వత్తికంటే ఒక సైజు లావు వత్తి తరచుగా అవసరమవుతుంది. వత్తిని రంగు మైనంలో నానబెట్టకండి. ముందుగా రంగులేని మైనంలో ముంచి, సాగదీసి ఆరబెట్టి వాడండి. మొదటి కొవ్వొత్తిని ఎవరికీ ఇవ్వకుండా మీరే మూడు గంటలు వెలిగించి చూడండి. మంట కుదించుకుపోతున్నా, వత్తి కొసన నల్లటి పుట్టగొడుగు లాంటి ముద్ద కడుతున్నా రంగు తగ్గించాలి లేదా వత్తి మార్చాలి. మంట బాగా ఎత్తుగా లేచి పొగ వస్తుంటే వత్తి లావైనట్టు. వెలిగించే ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించడం మరవకండి. రాలిన మసి నల్ల కొవ్వొత్తిలో కనిపించదు కాని వత్తికి అడ్డం పడుతుంది.

ముంచుడు పద్ధతి

నన్ను అడిగితే, బాగా ముదురు స్తంభాల కొవ్వొత్తులకు ఇదే సరైన దారి. లోపల తెల్ల కొవ్వొత్తి, పైన ముదురు తొడుగు. వత్తికి చేరేది తెల్ల మైనమే కనుక ఆరిపోతుందన్న బెంగ ఉండదు. పైపొరలో రంగును ఎంత చిక్కగానైనా, కిలోకు 5 గ్రాములైనా వేసుకోవచ్చు. చివరికి వత్తి దగ్గర పనికిరావని చెప్పిన పిగ్మెంట్లు కూడా ఈ పొరలో నిక్షేపంలా పనిచేస్తాయి. అడుగుకు దిగకుండా ప్రతి ముంపుకు ముందు కలుపుతూ ఉండాలి, అంతే.

కొవ్వొత్తికంటే రెండు అంగుళాలు ఎత్తైన పాత్ర తీసుకోండి. పాత పాల క్యాను బాగా కుదురుతుంది. లోపలి కొవ్వొత్తికి వాడిన మైనాన్నే పైపొరకూ వాడండి. రెంటి కరుగు మట్టాలు వేరైతే చల్లారాక పెచ్చులు లేస్తాయి. 5 శాతం తేనె మైనం కలిపితే పొర మరింత గట్టిగా అతుక్కుంటుంది. పైపొర మైనాన్ని 75 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంచి, వత్తిని పట్టుకుని కొవ్వొత్తిని నిలువుగా దించి, మూడు అంకెలు లెక్కపెట్టి, ఒకే వేగంతో పైకి తీయండి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ ఉంగరంలా గీత పడుతుంది. నిమిషం ఆరనిచ్చి మళ్లీ ముంచండి. తెలుపు పూర్తిగా కప్పుకుపోవడానికి మూడు పొరలు, నలుపుకైతే నాలుగు. చివరి ముంపుకు మైనాన్ని 5 డిగ్రీలు పెంచి, తీసిన వెంటనే బకెట్లోని చన్నీళ్లలో ముంచితే అద్దకపు పట్టులా నిగ్గు తేలుతుంది.

అంత లోతు పాత్ర నింపడానికి నాలుగైదు కిలోల మైనం కావాలి కదా అన్న అనుమానం రావడం సహజం. పాత్రలో మూడు వంతులు వేడి నీళ్లు పోసి, పైన మూడు వేళ్ల మందాన రంగు మైనం తేలేలా పోసినా పని జరుగుతుంది. కొవ్వొత్తి ఆ పొర గుండా దిగి, ఆ పొర గుండానే పైకి వస్తుంది. ప్రతిసారీ అంటుకున్న నీటి బొట్లను మెత్తటి గుడ్డతో అద్దాలి, తుడవకూడదు.

రెండు రంగుల కొవ్వొత్తులు చేసేవారికి ఈ పద్ధతితో ఒక మెళకువ కూడా ఉంది. కరిగే రంగు మైనంలో నిదానంగా పాకుతుంది. కింద నేరేడు, పైన తెలుపు పొరలుగా పోస్తే, వారాలు గడిచేసరికి ఊదా రంగు తెలుపులోకి ఎగబాకుతుంది. పిగ్మెంటు అలా పాకదు. క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం కోసం చర్చిలో మూడు ఊదా, ఒక గులాబీ కొవ్వొత్తి పెట్టే ఆచారం ఉంది. వాటి మీద తెల్ల శిలువో అంకెలో అతికించదలచినవారు పైపొరకు పిగ్మెంటు వాడితే నాలుగు వారాలూ ఆ తెలుపు తెలుపుగానే ఉంటుంది.

ఆ తర్వాత

ముదురు కొవ్వొత్తి మీద వేలిముద్ర కూడా కనిపిస్తుంది. పాత నైలాన్ మేజోడుతో గుండ్రంగా రుద్దితే వేలిముద్రలూ చిన్న గీతలూ పోయి మెరుపు వస్తుంది. ఎండ తగలనివ్వకండి, ఊదా, నీలం, గులాబీ రంగులు కిటికీ పక్కన త్వరగా వెలిసిపోతాయి. మే నెల ఎండల్లో ముదురు రంగు వేడిని ఎక్కువగా పీల్చుకుని, కరగకపోయినా నడుం వంచేస్తుంది కనుక మంచం కింద పెట్టెలో పడుకోబెట్టి, ఒక్కోదానికి బటర్ పేపరు చుట్టి ఉంచండి. వార్తాపత్రిక చుట్టకండి, అక్షరాలు అంటుకుంటాయి.

గిన్నెలు వేడిగా ఉండగానే కాగితంతో తుడిచేయండి; సింకులో మైనం పోస్తే గొట్టం బిగుసుకుపోతుంది. గట్టు మీద మరక పడితే కొబ్బరి నూనె అద్ది పది నిమిషాల తర్వాత తుడవాలి. ఒకే రోజు అనేక రంగులు చేసేటట్టయితే లేత రంగుతో మొదలుపెట్టి నలుపుతో ముగించండి. అన్నీ అయ్యాక మిగిలిన ముక్కలను ఒకే డబ్బాలో కలపకుండా, ఏ రంగు మైనాన్ని ఆ రంగుగా ఐసు ట్రేలో పోసి, కిలోకు ఎంత రంగు పడిందో చీటీ రాసి వేయండి. వచ్చేసారి అదే రంగు కావలసి వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ ముక్కలే నమూనా.